విప్ లేని ఓటు



మన దేశంలో రాష్ట్రపతి ఎన్నిక దగ్గరపడిన ప్రతిసారీ ఒక తమాషా జరుగుతుంది. ఓటు ఉన్నవాళ్లు నోరు మెదపరు. ఓటు లేనివాళ్లు నోరు మూయరు. ఉన్నవాళ్లంటే ఎన్నికై వచ్చిన పార్లమెంటు సభ్యులు, శాసనసభ్యులు. 2022 ఎన్నికలో దేశం మొత్తం మీద వాళ్లు 4,809 మంది. లేనివాళ్లంటే మిగిలిన మనమందరం. ఆ మనమందరంలో ఓ పిడికెడుమంది సాయంత్రంపూట రుషికొండ బీచి రోడ్డు పక్కన, టీ బండి దగ్గర చేరి చేసుకునే వాదనే ఈ ప్రసంగానికి ముడిసరుకు. ద్రౌపదీ ముర్ముగారి పదవీకాలం 2027 జూలై 24తో ముగుస్తుంది. ఎన్నిక సంగతి ఢిల్లీవాళ్లు తీరిగ్గా చూసుకుంటారు. మా టీ బండి దగ్గర మాత్రం అభ్యర్థుల పేర్లు ఎప్పుడో బయటికొచ్చేశాయి.

రుషికొండ అనగానే ఈమధ్య అందరికీ గుర్తొచ్చేది కొండమీద లేచిన భవనాలు. 2024 ఎన్నికల్లో అవొక పెద్ద వాదన. రాష్ట్రపతో ప్రధానమంత్రో వచ్చినప్పుడు దిగడానికి పనికొస్తాయని ఒక పక్షం, ఆ మాట వట్టిదని ఇంకో పక్షం. రేడియోలో కూర్చుని నేను ఆ కొండ ఎక్కను. కొండకింద వినబడే మాటలే నాకు చాలు.

మా గుంపులో పోర్టులో క్రేను నడిపి రిటైరైన పెద్దాయన ఒకరు. ఉక్కు ఫ్యాక్టరీలో ఫర్నేసు వేడికి సర్వీసంతా కాగి వచ్చినాయన ఇంకొకరు. ఆటో నడిపే కుర్రాడొకడు. ఐటీ కొండమీది కంపెనీలో పనిచేసే అమ్మాయి ఒకతె, వాళ్ల అన్నయ్య అమెరికాలో ఉంటాడు. సరుకు అమ్ముడుపోయాక ఖాళీ తట్ట పక్కన పెట్టుకుని టీ తాగే చేపల ఆవిడ ఒకరు. నేను బడిలో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి గనక అందరికీ మాస్టార్ని. తీర్పు చెప్పమని నన్నే అడుగుతారు, చెప్పాక ఒక్కరూ ఒప్పుకోరు.

"ఈసారైనా తెలుగువాడు రావాలి మాస్టారూ" అని మొదలెట్టారు పోర్టు పెద్దాయన.

"వస్తే?" అన్నారు ఉక్కాయన.

"వస్తే ఏంటండీ, మనవాడు కదా!"

"మనవాడైతే మన ఫ్యాక్టరీకి సొంత గనులు రాసిచ్చేస్తాడా?"

రాష్ట్రపతి గనులివ్వడండీ, మంత్రివర్గం పంపిన కాగితం మీద సంతకం పెడతాడు అని నేను నచ్చజెప్పబోయాను. ఆటో కుర్రాడు అందుకున్నాడు: "మరి సంతకం పెట్టే ఆయన ఏ ఊరోడైతే నాకేటి మాస్టారూ?" చేపల ఆవిడ అసలు మొదలే నరికేసింది: "ఓటు నేనోళ్లకి ఈ గోలేటి బావూ?"

ఆవిడ ప్రశ్న న్యాయమైనదే. కాకపోతే ఈ గోల మనం ఇవాళ మొదలెట్టింది కాదు. "మనవాడు" అన్న మాట రాష్ట్రపతి ఎన్నికల్లో ఎంతవరకు పనిచేసిందో చూడాలంటే తెలుగువాళ్లు పోటీచేసిన ఎన్నికల్ని తిరగేస్తే చాలు. వెతుక్కోనక్కర్లేదు, వరసగా దొరుకుతాయి.

1967లో కోకా సుబ్బారావు. రాజమండ్రి మనిషి. సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి పదవికి రాజీనామా ఇచ్చి, ప్రతిపక్షాల తరఫున జాకీర్ హుస్సేన్ మీద పోటీకి దిగారు. ఒక్కో ఓటుకీ ఇంత విలువని ఉంటుంది, ఆ లెక్క తర్వాత చెబుతాను; జాకీర్ హుస్సేన్‌కు 4,71,244 విలువైన ఓట్లు, సుబ్బారావుకు 3,63,971. ఓడినా గట్టిపోటీ అనే చెప్పాలి. ఆ ఎన్నికలో మొత్తం పదిహేడుమంది నిలబడితే తొమ్మిదిమందికి సున్నా వచ్చింది. ఈ సంగతి చెబితే ఆటో కుర్రాడు పడీపడీ నవ్వాడు. ఓటు హక్కున్నవాళ్లే ప్రతిపాదించి నిలబెట్టాలి కదా, ఆ ప్రతిపాదించినవాడైనా వెయ్యలేదా అని వాడి అనుమానం. వెయ్యలేదనే లెక్క.

రెండేళ్లు తిరగకుండానే, 1969 మే 3న జాకీర్ హుస్సేన్ కన్నుమూశారు. అప్పుడు వచ్చిన ఎన్నిక దగ్గర నేను కాస్త ఆగుతాను. ఎందుకంటే, "మనవాడు" అన్న మాట అక్కడ దిక్కుతోచక నిలబడిపోయింది. ప్రధాన అభ్యర్థులిద్దరూ మనవాళ్లే! ఒకరు అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి, ఆంధ్రప్రదేశ్ మొదటి ముఖ్యమంత్రి. ఇంకొకరు బరంపురంలో పుట్టిన వరాహగిరి వెంకటగిరి. మూడో మనిషి సి.డి. దేశ్‌ముఖ్ మహారాష్ట్ర నుంచి.

విశాఖ మనిషి కళ్లతో చూస్తే ఆ పోటీ ఇంకా రుచిగా ఉంటుంది. సంజీవరెడ్డి లాల్‌బహదూర్ శాస్త్రి మంత్రివర్గంలో ఉక్కు, గనుల మంత్రి. ఆ తర్వాత ఇందిరాగాంధీ మంత్రివర్గంలో రవాణా, నౌకాయాన శాఖలు చూశారు. అంటే ఉక్కూ పోర్టూ రెండూ ఆయన చేతిమీదుగా వెళ్లినవే. గిరిగారిది రైలుకూలీల పక్షం. బెంగాల్ నాగపూర్ రైల్వే, అదే వాల్తేరు మీదుగా కలకత్తా పోయే మన రైలు, ఆ కార్మికుల్ని కూడగట్టి 1928లో సమ్మె నడిపించిన మనిషి ఆయన. ఆనాటికి మా రుషికొండ టీ బండి ఉండి ఉంటే పోర్టు పెద్దాయన ఒకవైపు, రైల్వేవాళ్లు ఒకవైపు కూర్చునేవాళ్లేమో. అప్పటికి విశాఖ లోక్‌సభ సభ్యుడు తెన్నేటి విశ్వనాథం. ఈ ఊరి మాట ఢిల్లీలో చెప్పే ఓటు ఆయనది.

గిరిగారి గురించి ఇక్కడ ఇంకో సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. మన ఉత్తరాంధ్ర జనం ఆయన్ని గెలిపించారు, ఓడించారు కూడా. 1937లో మద్రాసు శాసనసభకు జరిగిన ఎన్నికల్లో ఆయన బొబ్బిలిలో సాక్షాత్తూ బొబ్బిలి రాజావారి మీద పోటీచేసి గెలిచారు. రాజావారంటే అప్పటికి మద్రాసు ప్రభుత్వాన్ని నడుపుతున్న మనిషి. తరతరాలుగా తాము శిస్తు కట్టిన ప్రభువుని కాదని ఆయన ఎస్టేట్‌లోనే ఓటు పడింది. 1952లో గిరిగారు పాతపట్నం నుంచి లోక్‌సభకు వెళ్లారు, కేంద్రంలో కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగుల జీతాల తీర్పుని ప్రభుత్వం తగ్గించిందని 1954లో ఆ మంత్రిపదవి వదిలేసుకున్నారు.

ఇంత పేరున్న మనిషి 1957లో పార్వతీపురంలో ఓడిపోయారు. ఆ ఓటమి కథ చిత్రమైనది. అప్పట్లో కొన్ని నియోజకవర్గాలకు ఇద్దరేసి సభ్యులుండేవారు, ఒక స్థానం జనరల్, ఒకటి రిజర్వు. ఒక్కో ఓటరుకు రెండు ఓట్లు. పార్వతీపురంలో రిజర్వు స్థానం గిరిజనులది. లెక్కపెట్టి చూస్తే ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న ఇద్దరూ గిరిజన అభ్యర్థులే. మొదటాయన రిజర్వు స్థానంలో గెలిచినట్టు, రెండో ఆయన డిప్పల సూరిదొర గిరిగారికన్నా కొద్ది వందల ఓట్లు ఎక్కువ తెచ్చుకున్నారు గనక జనరల్ స్థానంలో గెలిచినట్టు ప్రకటించారు. రిజర్వు స్థానానికని నిలబడ్డ మనిషి జనరల్ స్థానం ఎలా తీసుకుంటాడని గిరిగారు కోర్టుకెక్కారు. వాదన సుప్రీంకోర్టు దాకా పోయింది. సూరిదొర గెలుపు చెల్లుతుందని 1959లో తీర్పు వచ్చింది. ఇద్దరు సభ్యుల నియోజకవర్గాలే వద్దని పార్లమెంటు 1961లో చట్టం చేసింది. కొండకింద ఊళ్లలో ఎవరూ ఊహించని మనిషికి అన్ని ఓట్లు వేసిన ఆ పార్వతీపురం ఓటర్లని తలచుకుంటే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. మనవాళ్లకి తెలివితేటలు లేవనీ, డబ్బు చూసి వేస్తారనీ పెదవి విరిచేవాళ్లు ఆ లెక్క ఒకసారి చూడాలి.

సరే, ప్రజల ఓటుతో అక్కడ ఓడినాయన ఆ ఏడాదే గవర్నరై ఉత్తరప్రదేశ్ వెళ్లారు. తర్వాత కేరళ, మైసూరు, ఆపైన 1967లో ఉపరాష్ట్రపతి. జాకీర్ హుస్సేన్ పోయాక ఆ కుర్చీలో తాత్కాలికంగా కూర్చున్నదీ ఆయనే. 1969 జూలై 19న పద్నాలుగు బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్సు మీద సంతకం పెట్టి, మర్నాడు రాజీనామా ఇచ్చి, స్వతంత్ర అభ్యర్థిగా బరిలోకి దిగారు. పదిహేనేళ్ల కిందట బ్యాంకు గుమస్తాల కోసం మంత్రిపదవి వదులుకున్న మనిషి ఢిల్లీ పీఠం ఎక్కే ముందు పెట్టిన ఆఖరి సంతకాల్లో ఒకటి బ్యాంకుల మీదే కావడం చూడండి.

సంజీవరెడ్డి కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి. ఆయన నామినేషన్‌ను ప్రతిపాదించిందే ప్రధాని ఇందిరాగాంధీ. తర్వాత ఆవిడ మనసు మారింది. పార్టీ అధ్యక్షుడు నిజలింగప్ప రెండో ప్రాధాన్యం ఓట్ల కోసం జనసంఘం, స్వతంత్ర పార్టీ నాయకులతో మాట్లాడారన్నది ఆవిడ వర్గానికి దొరికిన సాకు. ఫలానా అభ్యర్థికే ఓటెయ్యాలని ఆదేశిస్తూ పార్టీ సభ్యులకు విప్ ఇవ్వడానికి ఆవిడ ఒప్పుకోలేదు. అంతరాత్మ చెప్పినట్టు ఓటు వెయ్యండి అన్నారు. ఆగస్టు 16న పోలింగు, 20న లెక్కింపు. మొదటి ప్రాధాన్యంలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769. ఎవరికీ సగం దాటలేదు. కిందివాళ్లని ఒక్కొక్కరిగా తీసేసి వాళ్ల రెండో ప్రాధాన్యాలు పంచుకుంటూ పోతే చివరికి గిరి 4,20,077, సంజీవరెడ్డి 4,05,427. రెండో ప్రాధాన్యం ఓట్లతో ఫలితం తేలిన రాష్ట్రపతి ఎన్నిక అదొక్కటే.

"అంతరాత్మ అంటే అప్పుడే పుట్టిందా మాస్టారూ?" అని ఉక్కాయన చురక. పుట్టలేదు లెండి. ఇందిరమ్మ మాటే అంతరాత్మగా వేసినవాళ్లు వేశారు. దాని వెనక పార్టీలో పెత్తనం ఎవరిదన్న పోరాటం ఉంది. ఆ నవంబరుకల్లా కాంగ్రెస్ రెండు ముక్కలైంది. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. పార్టీ అధ్యక్షుడు ఒకలా చెప్పినా వందలమంది సభ్యులు ఇంకోలా వేశారు. అలా వెయ్యవచ్చునని దేశానికి తెలిసిందప్పుడే.

ఇప్పుడు వాట్సాప్‌లో తిరిగే బురద చూసి రోజులు పాడైపోయాయంటారు పోర్టు పెద్దాయన. ఆ 1969లోనే సంజీవరెడ్డి మీద పేరులేని కరపత్రం ఒకటి వేసి, పార్లమెంటు సెంట్రల్ హాల్లో పంచారు. అందులో రాసినది రేడియోలో చదవదగినది కాదు. దాన్ని ఆధారం చేసుకుని ఎన్నికే చెల్లదని సుప్రీంకోర్టులో వ్యాజ్యం వేశారు. పదవిలో ఉన్న రాష్ట్రపతి, గిరిగారు, స్వయంగా కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పారు. వ్యాజ్యం కొట్టేశారు. ఓటరు బుర్ర చెడగొట్టడానికి ఫోనే అక్కర్లేదు, సైక్లోస్టైల్ యంత్రం రోజుల్లోనూ ఆ పని చక్కగానే జరిగింది.

సంజీవరెడ్డి కథ అక్కడితో ఆగలేదు. ఊరికి వెళ్లి సేద్యం చూసుకున్నాయన 1977లో నంద్యాల నుంచి జనతా పార్టీ అభ్యర్థిగా నిలబడ్డారు. ఉత్తరాదిలో కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోయిన ఆ ఎన్నికలో ఆంధ్రప్రదేశ్ 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌కే ఇచ్చింది. మిగిలిన ఆ ఒక్కటి నంద్యాల. కొద్ది నెలలకే రాష్ట్రపతి ఎన్నిక. ముప్పై ఏడుమంది నామినేషన్లు వేస్తే ముప్పై ఆరు చెల్లలేదు, సంజీవరెడ్డిది ఒక్కటే నిలిచింది. అంటే ప్రజల చేతిలో ఓడిన గిరి ప్రతినిధుల ఓటుతో గెలిచారు, ప్రతినిధుల చేతిలో ఓడిన సంజీవరెడ్డి ప్రజల ఓటుతో లేచి, చివరికి ఎవరి ఓటూ లేకుండానే రాష్ట్రపతి భవన్‌కు చేరారు. జూలై 25న ప్రమాణం చేశారు. ఆ తర్వాత వచ్చిన రాష్ట్రపతులంతా అదే తేదీన ప్రమాణం చేస్తున్నారు.

ఇక ఇటీవలికి వద్దాం, ఇక్కడ చెప్పడానికి అంత లేదు. 2022లో ముర్ముగారికీ యశ్వంత్ సిన్హాకూ పోటీ జరిగితే ఆంధ్రప్రదేశ్‌లో శాసనసభ్యుల ఓట్లన్నీ ముర్ముగారికే పడ్డాయి, సిన్హాకు ఒక్కటీ లేదు. ఇక్కడ పొద్దున లేస్తే కత్తులు దూసుకునే అధికార పక్షం, ప్రతిపక్షం రెండూ ఒకే పేరు మీద టిక్కు పెట్టినట్టు కలిసిపోయాయి. 2025 సెప్టెంబరు 9న ఉపరాష్ట్రపతి ఎన్నిక. ప్రతిపక్షాల అభ్యర్థి తెలంగాణ బిడ్డ, సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి బి. సుదర్శన్‌రెడ్డి. తెలుగువాడికి తెలుగు పార్టీలు ఓటెయ్యాలని గట్టిగానే అడిగారు. తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్ రెండూ తమిళనాడు నుంచి వచ్చిన సి.పి. రాధాకృష్ణన్ వైపే నిలిచాయి. ఆయన 452 ఓట్లతో గెలిచారు, సుదర్శన్‌రెడ్డికి 300. తప్పా ఒప్పా అని నేను తేల్చను. "మనవాడు" అన్న మాట టీ బండి దగ్గర ఎంత బరువుగా ఉంటుందో ఓట్ల పెట్టె దగ్గర అంత తేలిపోతుందని మాత్రం తెలుస్తోంది.

పోర్టు పెద్దాయన దీనికి ఒప్పుకోలేదు. "అందుకే మాస్టారూ, నేరుగా మనచేతే వేయించాలి. అప్పుడు చూడండి, కలాంగారిలాంటివాళ్లు వస్తారు" అన్నారు. కలాంగారి పేరెత్తితే విశాఖలో ఎవరూ ఎదురాడరు. 2006 ఫిబ్రవరిలో నౌకాదళ సమీక్షకి వచ్చి, ఇక్కడి నుంచే సింధురక్షక్ జలాంతర్గామి ఎక్కి సముద్రం అడుగుకి వెళ్లొచ్చిన రాష్ట్రపతి ఆయన. త్రివిధ దళాల అధిపతి హోదాలో రాష్ట్రపతులు మన తీరానికి వస్తూనే ఉంటారు. 2016లో ప్రణబ్ ముఖర్జీ, 2022 ఫిబ్రవరిలో కోవింద్, అదే ఏడాది డిసెంబరులో ముర్ముగారు నౌకాదళ దినోత్సవానికి. దూరంనుంచి బారులు తీరి చూసిన జనానికి రాష్ట్రపతి అంటే ఆ యుద్ధనౌకల వందనం, ఆ దర్జా.

నేరుగా ఎన్నుకుందామన్నది కొత్త ఊహ కాదు. రాజ్యాంగసభలో కె.టి. షా ఆ సవరణ పెట్టారు, ఓడిపోయింది. నెహ్రూ చెప్పిన కారణం నాకు సబబుగానే తోస్తుంది. దేశమంతా తిరిగి కోట్లమంది చేత ఓటేయించుకున్న మనిషి ఊరికే సంతకాలు పెడుతూ కూర్చోడు, ప్రధానమంత్రితో పోటీ పడతాడు. అసలు అధికారం ఇవ్వనప్పుడు అంత పెద్ద ఎన్నిక దేనికి?

దాంతో ఓటు విలువ లెక్క మా ముందుకొచ్చింది. మన ఎమ్మెల్యే ఓటు ఒక్కటి 159 ఓట్లతో సమానం. తెలంగాణ ఎమ్మెల్యేది 132. ఉత్తరప్రదేశ్‌లో 208, సిక్కింలో 7. ఎంపీది 2022లో 700. రాష్ట్ర జనాభాని శాసనసభ స్థానాలతో భాగించి, వచ్చినదాన్ని మళ్లీ వెయ్యితో భాగిస్తారు. జనాభా అంటే ఇప్పటిది కాదు, 1971 నాటిది. ఇప్పటి ఆంధ్రప్రదేశ్ సరిహద్దుల్లో అప్పుడున్న జనం 2 కోట్ల 78 లక్షలు. ఐటీ అమ్మాయికి ఇది వింతగా తోచింది. 1971లో ఈ రుషికొండ దగ్గర ఏముంది? ఇసుక, సరుగుడు చెట్లు, జాలర్ల ఇళ్లు. గీతం కళాశాల రావడానికి ఇంకా తొమ్మిదేళ్లుంది. ఐటీ కొండలూ లేవు, అపార్టుమెంట్లూ లేవు. "అంటే మా బిల్డింగులో ఉన్నవాళ్లెవరం లెక్కలో లేమా అంకుల్?" అంది. లేరమ్మా. చేపల ఆవిడ వాళ్ల అమ్మ ఉంది.

ఆ అమ్మాయి దగ్గర ఇంకో రాష్ట్రపతి ఎన్నిక ముచ్చట ఉంటుంది. 2024లో ట్రంప్, కమలా హారిస్ పోటీ జరిగినప్పుడు వాళ్లింట్లో రెండు పార్టీలు. కమల వాళ్ల అమ్మగారు తమిళురాలు గనక ఆవిడ మనమనిషని తల్లి. ఉపాధ్యక్ష అభ్యర్థి వాన్స్ భార్య ఉషా చిలుకూరి, వాళ్ల మూలాలు పశ్చిమగోదావరి జిల్లా వడ్లూరులో ఉన్నాయి గనక ట్రంప్ పక్షమే మనదని తండ్రి. అక్కడ ఉద్యోగం చేసి పన్ను కట్టే కొడుక్కి మాత్రం వీసా ఏమవుతుందోనన్న దిగులు తప్ప ఓటు లేదు. గోదావరి ఒడ్డు వాళ్లూ కావేరి ఒడ్డు వాళ్లూ కలిసి అమెరికా కుర్చీని పంచుకోవడం చూసి ఉక్కాయన, "ఇక్కడ మన వార్డు మెంబరెవరో చెప్పండి చూద్దాం" అన్నారు. ఇద్దరు తప్ప ఎవరం చెప్పలేకపోయాం. ఆ ఇద్దరిలో నేను లేను.

ఇక్కడే నాకు తట్టిన మాట చెబుతాను. రాష్ట్రపతి ఎన్నికలో పార్టీలు విప్ ఇవ్వడానికి వీల్లేదు. పార్టీ మాట కాదని ఓటేసినా ఫిరాయింపు చట్టం కింద సభ్యత్వం పోదు. బ్యాలెట్ రహస్యం. అంత స్వేచ్ఛ ఉన్న ఓటు ఎమ్మెల్యేకి అరుదుగా దొరుకుతుంది. అయినా నూటికి తొంభైమంది పార్టీ పెద్దాయన చెప్పినట్టే వేస్తారు. ఇది చూసి మనం నవ్వుతాం, తిడతాం. మరి మన సంగతి? మనకీ విప్ లేదు. మన బ్యాలెట్టూ రహస్యమే. కానీ పోలింగు ముందురోజు రాత్రి మన ఊళ్లలో ఎన్ని విప్‌లు తిరుగుతాయో ఈ జిల్లాలో పుట్టినవాళ్లకి నేను చెప్పనక్కర్లేదు. కవరు ఒక విప్. కులపెద్ద మాట ఇంకొకటి. కొన్నిచోట్ల ఊరంతా ఒకే గుర్తుకని రామాలయం అరుగు మీద తీర్మానం అయిపోతుంది. ఇంట్లో మగవాడు చెప్పిన గుర్తు మరొకటి.

"మా ఆయన సెప్పిందానికి నానెప్పుడేసినాను?" అని చేపల ఆవిడ మధ్యలోనే అడ్డుకుంది. మరి ఎవరికేశావమ్మా అంటే నవ్వి ఊరుకుంది. రహస్య బ్యాలెట్ అంటే అదీ!

అన్నిటికన్నా పెద్ద విప్ ఇంకోటుంది. మనం ఓటేసేది ఎమ్మెల్యేకి, చూసేది పైనున్న మొహాన్ని. గంటా శ్రీనివాసరావుగారి ఉదాహరణ చెబుతాను, ఇది పొగడ్తా కాదు, తెగడ్తా కాదు, లెక్కలో ఉన్న సంగతి. 2004లో చోడవరం, 2009లో అనకాపల్లి, 2014లో భీమిలి, 2019లో విశాఖ ఉత్తరం, 2024లో మళ్లీ ఈ రుషికొండ ఉన్న భీమిలి. ప్రతిసారీ వేరేచోట, ప్రతిసారీ గెలుపే, పోయినసారి ఏకంగా 92 వేల పైచిలుకు మెజారిటీతో. ఆయన నేర్పు ఆయనకుంది, కాదనను. కానీ నియోజకవర్గం మారితే మనిషి మన ఊరివాడా అని అడిగే అలవాటు మనకి లేదని దీనివల్ల తెలుస్తుంది. రాష్ట్రపతి దగ్గరకొచ్చేసరికి మాత్రం తెలుగువాడా, ఏ జిల్లా, ఏ కులం అని ఆరా తీస్తాం. మురుగు కాలవ తీయించాల్సినవాడి ఊరు మనకి పట్టదు. ఎక్కడో ఢిల్లీలో సంతకం పెట్టేవాడి ఊరు కావాలి! పట్టింపులు తలకిందులుగా పెట్టుకున్నామని నా ఫిర్యాదు.

ఉక్కాయన దీన్ని ఒప్పుకోలేదు. "మాస్టారూ, ఎమ్మెల్యేని చూసి వేస్తే ఫ్యాక్టరీ నిలబడుతుందా? దాన్ని అమ్మాలన్నా ఉంచాలన్నా పైవాడే. అందుకే పైవాణ్ణి చూసి వేస్తాం" అన్నారు. 2021 జనవరిలో కేంద్రం ఫ్యాక్టరీలో వాటాలన్నీ వదులుకోవాలని నిర్ణయించినప్పటి నుంచి గాజువాక వైపు ప్రతి ఎన్నికా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది. 1966లో ఆ ఫ్యాక్టరీ కోసం ప్రాణాలు పోయిన ఊరిది. ఆయన మాటలో బాధ ఉంది, తర్కమూ ఉంది. నా దగ్గర పూర్తి జవాబు లేదు. పైవాణ్ణి చూసి వేసిన ఓటుతో గెలిచినవాడు పైవాడికే జవాబుదారీ అవుతాడు, మీకు కాదు కదా అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "మరి మా యూనియన్ గుర్తింపు ఎన్నికలోనూ అంతే" అన్నారు. అది ఒప్పుకోలో, ఎదురుదాడో నాకు అర్థం కాలేదు.

ఆటో కుర్రాడి ధోరణి ఇంకోటి, ఈమధ్య ఎక్కువగా వినబడుతోంది. "ఎవడొచ్చినా ఒకటే." ఇది వినగానే పెద్దవాళ్లకి ఒళ్లు మండుతుంది. కానీ వాడు ఓటు మానడు. 2024 మే 13న గిరాకీ వదులుకుని ముందు సొంతూరు వెళ్లి వేసి వచ్చాడు. ఆ ఎన్నికలో రాష్ట్రంలో 81 శాతం పైచిలుకు పోలింగు జరగడానికి హైదరాబాదు నుంచీ బెంగళూరు నుంచీ రైళ్లూ బస్సులూ కిక్కిరిసి వచ్చిన ఇలాంటివాళ్లే కారణం. నమ్మకం లేదంటూనే అంత దూరం ప్రయాణం చేసే ఈ ఓటరు ఏ సర్వేకీ దొరకడు. విశాఖ నగరం నడిబొడ్డున మేడల్లో ఉండి, దేశం గురించి గంటలకొద్దీ మాట్లాడి, పోలింగు రోజు సెలవు దొరికిందని పడుకునేవాడు నాకు ఇంతకన్నా బెంగ కలిగిస్తాడు.

చివరికి వాదన ఎన్నిక జరిగే తీరు మీదికి మళ్లింది. ఎమ్మెల్యేలు వెలగపూడిలో శాసనసభ ఆవరణలో వేస్తారు, ఎంపీలు ఢిల్లీలో. ఎంపీల బ్యాలెట్ ఆకుపచ్చ, ఎమ్మెల్యేలది గులాబీ. గుర్తులుండవు, పేర్ల పక్కన ఒకటి, రెండు అని అంకెలు వెయ్యాలి. పైవాళ్లెవరూ వద్దనే నోటా ఉండదు. సొంత పెన్ను లోపలికి తీసుకుపోకూడదు. ఎన్నికల సంఘంవాళ్లు ఊదారంగు సిరా ఉన్న పెన్ను చేతికిస్తారు, దానితోనే రాయాలి, వేరే సిరా అయితే ఓటు చెల్లదు. ఎవరు ఎలా వేశారో సిరాని బట్టి పోల్చుకునే వీలు లేకుండా ఈ కట్టడి.

ఈ పెన్ను సంగతి చేపల ఆవిడకి బాగా నచ్చింది. తట్ట నెత్తికెత్తుకుంటూ ఆగింది.

"ఆ పెన్ను ఆళ్ల జేబులో ఎట్టీసుకుంటారా బావూ?"

"లేదమ్మా, ఓటేశాక తిరిగి ఇచ్చేయాలి."

"అయితే ఆళ్లకీ ఏటీ మిగల్దన్నమాట" అంది.